‘వయసు మళ్ళింది’ అంటే అయిపోయినట్టా?

గ్రూపు పెద్దలకు నమస్కారం. రెండు రోజులుగా ఒక మాట మనసులో తిరుగుతోంది. మీ ముందు పెడుతున్నాను.

మాది అనంతపురం. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే సేవా సంస్థ) మైదానాల పుణ్యమా అని మా ఊరి పిల్లలకు ఫుట్‌బాల్ కొత్త కాదు. మా తమ్ముడి కొడుక్కి మన దేశం జట్టుకు ఆడిన సునీల్ ఛెత్రీ అంటే ప్రాణం. మొన్న టవర్ క్లాక్ దగ్గర టీ తాగుతుంటే వాడి స్నేహితుడొకడు, "ఛెత్రీ అయిపోయాడు రా, ఇంగా ఎన్నాళ్ళు మోస్తావు?" అన్నాడు. మావాడి మొహం మాడిపోయింది. గ్లాసు పక్కన పెట్టి లేచాడు. సర్దిచెబుదామని నేను, "అయిపోలేదులే నాయనా, వయసు మళ్ళింది, అంతే" అన్నాను. "రెండూ ఒకటే కదా పెదనాయనా" అని వెళ్ళిపోయాడు.

ఒకటేనా? నాకు కాదనిపిస్తోంది.

మా జేజినాయన చేనికాడ పొద్దును చూసి వేళ చెప్పేవాడు. ఎండ నడినెత్తిన ఉన్నంతసేపు అందరూ వేపచెట్టు కింద. సంగటి తిని కాసేపు నడుం వాల్చాక, "పొద్దు మళ్ళింది, లేయండి" అని కేకేసేవాడు. ఆ కేక పని ఆపమని కాదు, చేన్లోకి దిగమని. శెనిక్కాయ చేనులో కలుపు సగం ఆ పూటే తీసేవాళ్ళు. ఇంటికి పోయే వేళకు ‘పొద్దు గూకింది’ అని వేరే మాట ఉంది. మళ్ళడానికీ గూకడానికీ మధ్య ఒక పూటంత వెలుతురు ఉంటుంది.

ఇంకొకటి గమనించాను. ‘ఛెత్రీ అయిపోయాడు’లో కర్త ఛెత్రీ. మనిషే అయిపోయాడు. ‘వయసు మళ్ళింది’లో కర్త వయసు. మళ్ళింది అది, మనిషి ఎక్కడున్నవాడు అక్కడే ఉన్నాడు. ఈ మాటను కట్టినవాళ్ళు మనిషిని ఎంత జాగ్రత్తగా పక్కన నిలబెట్టారో చూడండి. మీరేమంటారు?

కర్నూలు నుంచి ఒక మాస్టారు:
మంచి మాట ఎత్తారు. మళ్ళు అనేది ‘మరలు’ నుంచి వచ్చింది. మరలు అంటే తిరుగు. కాలవ నీళ్ళు మళ్ళించడం, దారి మళ్ళడం, దృష్టి మళ్ళడం అన్నీ ఆ కుటుంబమే. ఎక్కడా ముగింపు అర్థం లేదు, దిక్కు మారడమే ఉంది. ఇంకో సంగతి. ‘మరల’, ‘మళ్ళీ’ కూడా ఇక్కడివే. మనవైపు ‘మళ్ళా’ అంటాం కదా, అదీ ఇదే.

నేను:
మాస్టారూ, ఇది చదివి కుర్చీలోంచి లేచాను! సికింద్రాబాదులో పుట్టిన ఆ ఛెత్రీ 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో ఆడి దేశం జట్టుకు సెలవు చెప్పాడు. అప్పటికి 39 ఏళ్ళు, 151 మ్యాచులు, 94 గోల్స్. ఆ ఆటలో ఎవరికీ గోల్ రాలేదు. ఆ రాత్రి మావాడు అన్నం ముట్టలేదు. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 2025 మార్చిలో, జట్టుకు గోల్ కొట్టేవాడు కావాల్సొచ్చి ఛెత్రీ మళ్ళీ వచ్చాడు. షిల్లాంగులో మాల్దీవుల మీద 95వ గోల్ కొట్టాడు. వయసు మళ్ళినవాడే మళ్ళీ వచ్చాడు. రెండూ ఒకే ధాతువని ఇప్పుడు తెలిసింది.

కడప నుంచి ఒక అమ్మ:
మీరు చెప్పింది బాగుంది గానీ అన్నా, ఈ మాట పడేవాళ్ళకు వేరేగా వినిపిస్తుంది. నాకు అరవై రెండు. బస్సులో, ఆఫీసుల్లో "వయసు మళ్ళిన మనిషివి, నీకెందుకమ్మా ఇవన్నీ" అంటుంటారు. అన్నప్పుడల్లా పక్కకు తోసినట్టే ఉంటుంది. మాట పుట్టుక ఎంత గొప్పదైనా, వాడకంలో జాలి చేరింది కదా.

నేను:
నిజమేనమ్మా. మీరు చెప్పాక ఈ మాటను నేను ఎన్నిసార్లు అలా వాడానో గుర్తొచ్చి బాధేసింది. మాటలోని గౌరవం దానంతటది నిలవదు, పలికేవాళ్ళు నిలబెట్టాలి. ఫుట్‌బాల్‌లో అలా నిలబెట్టినవాళ్ళు ఉన్నారు. ఇటలీలో ఫ్రాన్సెస్కో టొట్టి పాతికేళ్ళు రోమా ఒక్క క్లబ్బుకే ఆడాడు. 2017 మే 28న 40 ఏళ్ళ వయసులో ఆఖరి మ్యాచ్. అప్పటికి ఎక్కువగా సబ్‌స్టిట్యూట్‌గానే దిగేవాడు, పరుగు తగ్గింది. అయినా ఆ రోజు స్టేడియం నిండిపోయింది. పెద్ద పెద్ద మగవాళ్ళు పిల్లల్ని భుజాలకెత్తుకుని ఏడ్చారు. వాళ్ళ కన్నీళ్ళలో జాలి లేదు. తమ పాతికేళ్ళ జీవితాన్ని అతనితో పాటు సాగనంపుతున్నట్టు ఉంది. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో. వయసు మళ్ళడాన్ని అలా చూడాలి.

కదిరి నుంచి ఒక తమ్ముడు:
అన్నా, ‘అభిమాని’ మాటను కూడా ఇందులో కలపండి. అభిమానం అంటే మనకు ప్రేమా, పౌరుషమూ రెండూ. ‘నా మీద అభిమానం ఉంచండి’ అంటాం, ‘అభిమానం దెబ్బతింది’ అనీ అంటాం. మీ అబ్బాయికి కోపం వచ్చింది అందుకే. ఛెత్రీని అంటే వాడి సొంత మానానికి తగిలింది.

నేను:
తమ్ముడూ, సరిగ్గా పట్టుకున్నావు. దీనికి నాకు తెలిసిన పెద్ద సాక్ష్యం 2018 జూన్. ముంబైలో చైనీస్ తైపీ మీద మనవాళ్ళు 5-0తో గెలిచారు, ఛెత్రీ హ్యాట్రిక్. చూడ్డానికి వచ్చింది 2,569 మంది. ఆ మరునాడు ఛెత్రీ వీడియో పెట్టాడు. మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, కానీ స్టేడియానికి వచ్చి చెయ్యండని చేతులెత్తి అడిగాడు. కెన్యాతో తర్వాతి ఆట అతని వందోది. టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. వానలో తడుస్తూ నిలబడ్డారు జనం, అతను రెండు గోల్స్ కొట్టాడు. ఆటగాడు అడిగింది పొగడ్త కాదు, అభిమానం. తిట్టే హక్కు కూడా అందులోనే ఉందని అతనికి తెలుసు. దూరంగా కూర్చుని ‘అయిపోయాడు’ అనేవాడికి మాత్రం ఆ హక్కు లేదని నా గట్టి నమ్మకం.

హిందూపురం నుంచి:
‘వయసు మళ్ళినవాడు’ అనే బదులు ‘పాతకాపు’ అంటే సరిపోదా? పేపర్లలో వాడతారు.

నేను:
రాజకీయాల్లో బాగా నలిగిందప్పా ఆ మాట. ఎన్నికల వాసన వస్తుంది. ‘తలపండిన’ కూడా పండితులకే నప్పుతుంది, పరుగెత్తేవాడికి అతకదు.

చివరగా ఒకటి. ఈ చర్చంతా రాత్రి మావాడికి చదివి వినిపించాను. మాస్టారు చెప్పిన ‘మళ్ళీ’ దగ్గర ఆపి, ఇంకోసారి చదవమన్నాడు. తర్వాత ఫోను తీసుకుని ఆ స్నేహితుడికి ఏదో పంపించాడు, ఏం రాశాడో నేను అడగలేదు. పొద్దున ఇద్దరూ ఒకే బండి మీద గ్రౌండుకు పోయారు.

పొద్దు మళ్ళడానికీ గూకడానికీ మధ్య ఉన్న ఆ పూటకు మీ మీ ఊళ్ళలో ప్రత్యేకమైన పేర్లేమైనా ఉంటే రాయండి. వాడికి చెప్పాలి.