చర్చి విచారణ (పారిష్) సేవాసంఘం ఒక్కరి మీదే నడిచి, ఆ ఒక్కరూ పడిపోతే ఏమి చేయాలి?

ప్రశ్న: మెట్టపల్లె

అందరికీ వందనాలు. మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి భాగంలో, కనిగిరికి కొంత ఎడంగా ఉన్న కతోలిక విచారణ, అంటే ఒక ఫాదర్‌గారి కింద ఉండే గుడీ దాని చుట్టుపట్ల పల్లెలూ. పెద్ద గుడి కాక చుట్టూ ఏడు పల్లెల్లో చిన్న గుడులున్నాయి. ఫాదర్‌గారు ఒక్కరే కనుక ఒక్కో పల్లెకు నెలకు ఒకటి రెండుసార్లు మాత్రమే పూజకు రాగలుగుతారు. మిగిలిన ఆదివారాల్లో ఉపదేశిగారే ప్రార్థన నడిపిస్తారు.

మా విచారణలో పద్దెనిమిదేళ్ళుగా ఒక సేవాసంఘం ఉన్నది. మంచాన పడిన వృద్ధులను చూసి రావడం, చావు జరిగిన ఇంటికి ఆ పూటకు అన్నం పంపడం, ఒంగోలు ఆసుపత్రికి వెళ్ళవలసినవారికి తోడు వెళ్ళడం, క్రిస్మసుకు ముందు దుప్పట్లూ చీరలూ పంచడం దాని పనులు. ఇన్నేళ్ళూ వీటన్నింటినీ ఒక పెద్దాయన, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, ఒంటిచేతి మీద నడిపించారు. ఏ ఇంట్లో ఎవరికి ఏ మాత్ర అయిపోవచ్చిందో, బియ్యం ఏ కొట్టులో అరువిస్తారో, ఎవరికి సాయం చేస్తే ఎవరు అలుగుతారో అంతా ఆయన తలలోనే ఉండేది, కాగితం మీద ఒక్క ముక్క లేదు. గత వేసవిలో ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇన్నేళ్ళు అందరిళ్ళకూ వెళ్ళిన ఆ మనిషి ఇంటికి వెళ్ళి చూసి వచ్చే వంతు ఎవరిదో కూడా మాకు తెలియలేదంటే మా సంఘం ఎట్లా నడిచిందో మీకు అర్థమవుతుంది.

కొత్తగా వచ్చిన ఫాదర్‌గారు ఆ బాధ్యతను నాకు అప్పగించారు. నాకు ముప్పై నాలుగేళ్ళు, మందుల కొట్టులో పని చేస్తాను. పేర్లిచ్చినవారు ఇరవై ఆరుగురు, వస్తున్నది ఆరుగురు, వారిలో ఐదుగురు ఆడవాళ్ళు. మగపిల్లల్లో చాలామంది బేల్దారి పనులకు బెంగుళూరు, హైదరాబాదు వెళ్ళిపోయి క్రిస్మసుకూ సంక్రాంతికీ తప్ప ఊళ్ళో కనబడరు. వాట్సాపులో దండాల బొమ్మలకు మాత్రం కొదవ లేదు.

పని ఎట్లా పంచాలన్నది నా మొదటి సందేహం. నెలకొకసారి పూజలో ఈ సాయం కోసం అదనంగా పట్టే రెండవ కానుక లెక్కలు ఎన్నడూ చదవలేదని కొందరు ఇప్పుడు గట్టిగానే అడుగుతున్నారు, దానికేమి చెప్పాలో తెలియడం లేదు. వీటన్నింటికంటే ఇబ్బంది పెట్టేది ఇంకొకటి: విచారణ మండలిలోని ఇద్దరు పెద్దలు, సంఘ చందా కట్టి ఆదివారం గుడికి వచ్చేవారికే సాయం చేయాలని పట్టుబడుతున్నారు. అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.

జవాబు: పెన్నాతీరం

తమ్ముడూ, నేను నెల్లూరులో విన్సెంట్ ది పాల్ సభలో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాను. మీ పెద్దాయన సంగతి చదివి నొచ్చుకున్నాను గాని, ఆయన చేసిన ఒక తప్పును కూడా చెప్పక తప్పదు: ఆయన ఒంటరిగా వెళ్ళారు. మా సభలో ఇంటి దర్శనానికి ఒక్కరు వెళ్ళకూడదు, ఇద్దరు వెళ్ళాలి. మరియదళం (లీజియన్ ఆఫ్ మేరీ) అనే మరో కతోలిక సంఘంలోనూ అదే నియమం. ఇది పైకి మర్యాద కోసమో నింద రాకుండా ఉండటం కోసమో పెట్టినట్టు కనిపిస్తుంది, కొంతవరకు నిజమే. అయితే అసలు లాభం వేరే ఉంది. పాతవారి వెంట కొత్తవారు నడిస్తే ఆ తలలోని లెక్కంతా ఈ తలలోకి దారిలోనే దిగుతుంది, అందుకు ప్రత్యేకంగా శిక్షణ తరగతి పెట్టనక్కరలేదు. మీకున్న ఆరుగురితో మూడు జంటలు కట్టండి. ఒక్కో జంటకు అయిదారు ఇళ్ళకు మించి ఇవ్వవద్దు. ఇరవై ఆరు పేర్ల పట్టీని మడిచి బీరువాలో పెట్టండి, దానిని చూసుకున్న కొద్దీ మీకు కోపం తప్ప ఏమీ మిగలదు.

ఈ రెండు సంస్థల మధ్య ఉన్న తేడా మీ పని పంపకానికి ఉపయోగపడుతుందని చెబుతున్నాను. విన్సెంట్ సభను 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజానామ్ అనే విద్యార్థి తన మిత్రులతో కలిసి మొదలుపెట్టినప్పుడు ఆయనకు ఇరవై ఏళ్ళు; బీదల ఇంటికి వెళ్ళి, కూర్చుని, చేతనైన సాయం చేసి రావడమే దాని పని. మరియదళం 1921లో డబ్లిన్‌లో పుట్టింది. ఆ దళ సభ్యులు ఇంటికి వెళ్తారు, ప్రార్థిస్తారు, పలకరిస్తారు గాని, డబ్బూ వస్తువులూ ఇవ్వకూడదని వారి నియమావళి స్పష్టంగా చెబుతుంది. మొదట్లో నాకు ఇది పిసినారితనంగా తోచేది. కొన్నేళ్ళకు తెలిసింది, సంచి పట్టుకుని వచ్చే మనిషిని ఇంటివారు సంచి వైపే చూస్తూ పలకరిస్తారు, ఉత్త చేతులతో వచ్చినవారి దగ్గరే మనసులో మాట చెబుతారు. మీ దగ్గర రెండు సంస్థలూ లేకపోయినా ఈ విభజనను పాటించవచ్చు: చూసి వచ్చే జంట ఒకటి, సరుకు చేర్చే జంట మరొకటి.

లెక్కల విషయానికి వస్తే, 1983 నాటి తిరుసభ చట్టం (కతోలిక సంఘపు కేనన్ లా)లోని 537వ నిబంధన ప్రకారం ప్రతి విచారణలోనూ ఆర్థిక మండలి ఉండి తీరాలి. 536వ నిబంధన చెప్పే విచారణ మండలి మాత్రం బిషప్‌గారు అవసరమనుకుంటే ఏర్పడేది, దానికి ఉన్నది సలహా చెప్పే హక్కే. కనుక మీ ఇద్దరు పెద్దలు సలహా చెప్పవచ్చు, శాసించలేరు. ఈ మాటను మీరు వారి ముఖాన అనకుండా ఫాదర్‌గారి చేత చెప్పించడం మంచిది. వచ్చిన కానుక ఎంత, ఖర్చు ఎంత, ఎన్ని ఇళ్ళకు వెళ్ళింది అన్నంతవరకు నెల నెలా గుడి తలుపుకు అంటించండి. ఎవరికి వెళ్ళిందన్నది అంటించవద్దు. పుస్తకంలో కూడా పేర్లకు బదులు అంకెలు వేసుకోండి.

పుస్తకం లేకపోతే ఏమవుతుందో మేము 2021 నవంబరులో చూశాము. పెన్నా పొంగి కోవూరు వైపు, పడుగుపాడు దగ్గర రైలు కట్టా రహదారీ కొట్టుకుపోయిన రోజులవి. మా విచారణ హాలులో రాత్రంతా పులిహోర కలిపి, తెల్లవారి నాలుగు వందల పొట్లాలు తీసుకుని ఒక కాలనీకి వెళితే, అప్పటికే మరో రెండు సంఘాలవారు అక్కడ పంచి వెళ్ళారు. ఆ కాలనీలో పొట్లాలు గోడల మీద పులిసిపోయాయి, రెండు వీధుల అవతల నీళ్ళలో ఉన్నవారికి సాయంత్రం దాకా ఎవరూ వెళ్ళలేదు. ఎవరి వీధి ఎవరిదో ముందుగా ఒక కాగితం మీద రాసుకుని ఉంటే అంత వంట వృథా అయ్యేది కాదు. ఇప్పటికీ పులిహోర వాసన తగిలితే నాకు ఆ గోడలే గుర్తుకొస్తాయి.

జవాబు: కోవూరు కోడలు

పెద్దలు చెప్పినవి బాగున్నాయి, నాకు తోచినవి కొన్ని కలుపుతాను. అన్నగారూ, మీరు "వస్తున్నది ఆరుగురు, వారిలో ఐదుగురు ఆడవాళ్ళు" అని దిగులుగా రాశారు. ఆ ఐదుగురే మీ సంఘమని అనుకుని మొదలుపెడితే మీ దిగులు సగం తగ్గుతుంది. వారిలో ఎంతమంది పేర్లు విచారణ మండలిలో ఉన్నాయో ఒకసారి చూడండి. మా గుడిలో ఊడ్చేది, పండుగకు వండేది, సిస్టరమ్మల వెంట ఇళ్ళకు తిరిగేది మేమే, తీర్మానాల పుస్తకంలో సంతకాలు మాత్రం మావారివి.

కూటం ఆదివారం పూజ తరువాత పెడుతున్నారేమో, దానిని మార్చండి. వారమంతా కూలికి పోయే ఆడమనిషికి పిల్లలకు కాస్త మంచి కూర వండిపెట్టేది ఆ ఒక్క పూటే. మేము శనివారం సాయంత్రం జపమాల తరువాత అరగంట కూర్చుంటాము, అందరూ వస్తారు.

ఒంగోలు ఆసుపత్రికి తోడు వెళ్ళే మనిషి సంగతి కూడా ఆలోచించండి. ఆమెకు ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ పడుతుంది, మధ్యాహ్నం టీ నీళ్ళతో గడుపుతుంది. మూడుసార్లు వెళ్ళి నాలుగోసారి "నాకు వీలుకాదు" అంటే సేవాభావం తగ్గిందని అంటాము. చార్జీ, భోజనం, కుదిరితే పోయిన కూలి కూడా కానుక డబ్బులోంచి ఇవ్వాలని నా అభిప్రాయం.

మరొక మాట. మీది ఫ్లోరైడు నీళ్ళ ప్రాంతం, ఎముకలు వంగిపోయినవారు మీ పల్లెల్లో ఉంటారు. అటువంటివారికి క్రిస్మసు చీర ఇవ్వడం కంటే, పింఛనుకు కావలసిన వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి స్లాటు పెట్టించి, తీసుకెళ్ళి, ధ్రువపత్రం వచ్చేదాకా వెంట తిరగడం పెద్ద సాయం. 2024 జూలై నుంచి వృద్ధుల పింఛను నెలకు 4,000, దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలైంది. ఏడాదికొక చీరకూ నెలనెలా వచ్చే ఆ మొత్తానికీ పోలికే లేదు. ఈ తిరుగుడుకు చదువుకున్న పిల్లలు కావాలి. దండాల బొమ్మలు పెట్టేవారికి ఈ పని చెప్పి చూడండి, ఇందులో ఫోను మీద అయ్యే పనికి వారు ఊళ్ళో ఉండనక్కరలేదు, బెంగుళూరులో ఉండి కూడా చేయవచ్చు.

జవాబు: పెన్నాతీరం

అమ్మా, చార్జీ, భోజనం వరకు ఒప్పుకుంటాను. కూలి ఇవ్వడం మొదలుపెడితే అది ఉద్యోగమవుతుంది, రేపు ఎవరిని పంపాలన్న దాని మీద తగవు పుడుతుంది.

జవాబు: కోవూరు కోడలు

అయ్యా, కూలి పోకుండా సేవ చేయగలిగినవారు పింఛనుదారులూ ఉద్యోగస్థులే. కూలి ఇవ్వకూడదంటే వారినే పంపండి. మా వంతు తీరుతుంది.

జవాబు: గుండ్లకమ్మ గట్టు

వందనాలండి. నేను ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు సంఘస్థుణ్ణి; మా వైపు విచారణ అనరు, ఫాదర్‌గారు ఉండరు, అయ్యగారుంటారు. తగవులు మాత్రం ఇవే. చందా కట్టినవారికే సాయమన్న మీ మూడవ సందేహానికి మా పాత చరిత్రలో ఒక సంగతి ఉంది.

1876–78 నాటి ధాత కరువులో, ఒంగోలులో పదేళ్ళుగా ఉంటున్న మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో వచ్చినవారికి కూలి పని చూపించారు. పనిలోకి తీసుకునేటప్పుడు ఎవరు ఏ గుడికి పోతారని అడగలేదు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని గుంపులుగా వస్తే, సాయం అందుతున్నంత కాలం ఇవ్వనని ఏడాదికి పైగా ఆపివేశారు. అన్నం కోసం వచ్చారో విశ్వాసంతో వచ్చారో తేలనప్పుడు రెండింటినీ కలపకూడదన్నది ఆయన పట్టు. కరువు సాయం ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర మా గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. మావాళ్ళు ఈ అంకెను గర్వంగా చెప్పుకుంటారు. దాని ముందున్న ఆ ఏడాది నిరాకరణను చెప్పుకునేవారు తక్కువ. గుడికి వస్తేనే బియ్యమని మీ పెద్దలు అంటున్నది ఆ పట్టుకు పూర్తిగా ఎదురు దారి. అట్లా చేస్తే గుడి నిండవచ్చు గాని, నిండినది దేనితోనో ఎవరికీ తెలియదు.

పెన్నాతీరం గారు పేర్లకు బదులు అంకెలు వేయమన్నదానికి నా వైపు నుంచి ఇంకొక కారణం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులాల జాబితాలోకి రాడు, మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తాడు. కనుక చర్చి కాగితాల మీద తన పేరు కనబడటానికి సంకోచించే కుటుంబాలు ప్రతి పల్లెలోనూ ఉన్నాయి, మీకు తెలియనిది కాదు. సాయం పట్టీని గుడిలో చదివితే వారు సాయాన్నే వదులుకుంటారు.

జవాబు: మెట్టపల్లె

అందరికీ కృతజ్ఞతలు. మూడు జంటలు కుదిరాయి, కూటం శనివారానికి మారింది. ఆసుపత్రికి వెళ్ళేవారికి చార్జీ, భోజనం ఇవ్వడానికి ఫాదర్‌గారు ఒప్పుకున్నారు. కూలి సంగతి ఆర్థిక మండలిలో పెడతామన్నారు, అక్కడ ఎటూ తేలక నలుగుతున్నది. హైదరాబాదులో ఉన్న ఇద్దరు కుర్రవాళ్ళు స్లాట్ల పనిని తీసుకున్నారు.

మేము మొదట వెళ్ళిన ఇల్లు పెద్దాయనదే. కొత్త పుస్తకం పట్టుకుని, నేనూ మా జంటలోని పెద్దమ్మా ఆయన మంచం పక్కన కూర్చుని ఒక్కో పల్లె పేరు, ఒక్కో ఇంటి పేరు చదివాము. సాయం అందుతున్న ఇల్లయితే కళ్ళు మూసేవారు, కాకపోతే ఊరకే చూసేవారు. రెండు పూటలు పట్టింది, నలభై ఒక్క ఇళ్ళు తేలాయి. పుస్తకం మూయబోతే ఎడమ చేతితో నా చొక్కా పట్టుకుని కిటికీ వైపు చూపించారు. అవతల ఉన్నది ఒక ముసలి దర్జీ సాయిబు ఇల్లు. ప్రతి నెలా మొదటివారంలో పెద్దాయన ఆ సాయిబుకు కంటి చుక్కల మందు కొని ఇచ్చేవారని పెద్దాయన భార్య అప్పుడు చెప్పింది, మా ఎవరికీ తెలియదు. నలభై రెండవ అంకె వేసి మందు పేరు రాసుకున్నాను. ఆ మందు మా కొట్టులోనే దొరుకుతుంది. మండలిలోని పెద్దలకు ఈ ఇంటి సంగతి ఇంకా చెప్పలేదు, లెక్క మాత్రం వచ్చే నెల తలుపుకు అంటించాలి.