సైన్స్ పాఠంలో చదవడం ఎలా నేర్పాలి?

ప్రశ్న:
టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నానండి, సబ్జెక్ట్ సైన్స్. పిల్లలు పాఠం గడగడా చదివేస్తారు, ఏం అర్థమైందంటే నోరు విప్పరు. చదవడం నేర్పేది భాషా టీచరే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఒకపక్క సిలబస్ టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1:
ఒక్క పేరాతో మొదలుపెట్టండి. మీరే చదువుతూ, మీ బుర్రలో నడిచేది కూడా పైకి చెప్పండి. "ఆకులు కార్బన్ డయాక్సైడ్‌ను, నీటిని ఉపయోగించుకుని సూర్యకాంతి సమక్షంలో ఆహారం తయారుచేస్తాయి" అన్న దగ్గర ఆగి, లోపలికి వెళ్లేవి ఏవి, తయారయ్యేది ఏది, 'సమక్షంలో' అంటే వెలుతురు లేకపోతే జరగదనేగా అని పైకే అనుకుంటూ బోర్డు మీద బాణాలు గీయండి. తర్వాతి వాక్యం వాళ్లను చేయమనండి. నాకు అన్నిటికన్నా బాగా పనిచేసింది ఇదే.

జవాబు 2:
లెక్కల్లో తీరు వేరు. "ఒక సంఖ్య కంటే 5 తక్కువ" అంటే చాలామంది 5లోంచి ఆ సంఖ్యను తీసేస్తారు, అందుకే నేను పెన్ను పట్టకముందే ప్రశ్నను సొంత మాటల్లో చెప్పిస్తాను. చరిత్రలోనైతే ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అన్నది ముందు చూడాలి.

జవాబు 3:
పాలిన్‌సర్, బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకులు 1984లో ప్రచురించిన, చదివింది అర్థం చేసుకోవడం నేర్పే పద్ధతి చూడండి: ముందేముందో ఊహించడం, ప్రశ్నలు వేయడం, అర్థంకానిది తేల్చుకోవడం, క్లుప్తంగా చెప్పడం. నాలుగూ ఒకేరోజు మాత్రం పెట్టొద్దు, నేను పెడితే పిల్లలు గందరగోళపడ్డారు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండి. పైకి చెప్పడానికి సిగ్గుపడితే?

జవాబు 1:
జంటలుగా కూర్చోబెట్టండి, ముందు పక్కవాళ్లకే చెప్పనివ్వండి.