టీవీలో ఏనుగు కనిపిస్తే మా కుక్క ఆగడం లేదు, ఏం చేయాలి?

మాది తిరుపతి, కొర్లగుంట. ఇంట్లో మూడేళ్ల నాటు కుక్క ఉంది, పేరు చిట్టి. పాత డబ్బా టీవీ ఉన్నన్నాళ్లూ అటు కన్నెత్తి చూడలేదు. ఈ మధ్య ఎల్‌ఈడీ కొన్నాం, కథ మారిపోయింది. సీరియళ్లు, వార్తలు దానికి పట్టవు. తిరుమల భక్తి చానెల్ ఎస్వీబీసీలో వాహనసేవ వస్తే మాత్రం, ముందు నడిచే ఏనుగు కనబడగానే మొరుగుడు మొదలు. ఏనుగు తెర అంచు దాటిపోతే టీవీ వెనక్కి పరిగెత్తి వెతుకుతుంది! మొదట్లో నవ్వుకున్నాం. నిన్న ఎగిరి తెర మీద కాళ్లు వేసింది, స్టాండు ఊగిపోయింది. అప్పటి నుంచి టెన్షన్.

కుక్కల కళ్లు తెర వెలుగులోని మినుకులను మనకన్నా బాగా పసిగడతాయని, అందుకే పాత టీవీ బొమ్మ వాటికి అదురుతూ కనిపించేదని చదివాను. పసుపు, నీలం బాగా తెలుస్తాయట. ఏనుగుది బూడిద రంగు కదా, మరి దీని గొడవ కదలిక చూసా, సన్నాయి, డోలు వినా? సౌండు తీసేస్తే మొరుగుడు కొంచెం తగ్గింది, వెతుకులాట తగ్గలేదు.

అరవకుండా కూర్చున్నప్పుడు బిస్కెట్ ముక్క ఇచ్చి అలవాటు చేయమని పక్కింటి అన్న అన్నాడు. ఎవరికైనా పని చేసిందా? ఎన్నాళ్లు పట్టింది? వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రికి తీసుకెళ్లేంత విషయమా ఇది? టీవీని గోడకు బిగించేస్తాం, అది సరే. బ్రహ్మోత్సవాలు వస్తే పొద్దున ఒక వాహనం, రాత్రి ఒక వాహనం. మా అమ్మ టీవీ ఆపనివ్వదు.