అమ్మానాన్నలతో కాంగ్ గ్రామంలో రెండు రోజులు: కారు లేకుండా కుదురుతుందా?

అందరికీ నమస్కారం. మేం ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో ఉంటాం. విజయవాడ నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఒక శని, ఆదివారాలు మేయో కౌంటీలోని కాంగ్‌కి తీసుకెళ్లాలని ఉంది. కొరిబ్, మాస్క్ సరస్సుల మధ్య ఉన్న చిన్న ఊరు. పాత మఠం శిథిలాల పక్కనే, నది మీద సన్యాసులు చేపలు పట్టడానికి కట్టుకున్న చిన్న రాతిగది ఉంది. నాన్న చరిత్ర మాస్టారుగా చేశారు, అది ఆయనకు తప్పకుండా చూపించాలి.

డబ్లిన్‌లోని హ్యూస్టన్ స్టేషన్ నుంచి గాల్వే దాకా రైలు సరే. అక్కడి నుంచి వారాంతంలో బస్సు దొరుకుతుందా, టాక్సీయే దిక్కా? అమ్మకి మోకాళ్ల నొప్పులు. మఠం నుంచి ఆ గదికి వెళ్లే దారి చదునుగా ఉంటుందా? ఇద్దరూ గుడ్డు కూడా తినరు, అదే నా అసలు టెన్షన్. వంటగది ఉన్న బస ఏదైనా తెలిస్తే దయచేసి చెప్పండి. కుక్కర్, పప్పు మేమే తెచ్చుకుంటాం.