సమస్యాపూరణం: తెలియదన్న గురువె దేవుడయ్యె

నిర్వాహకుడు (విశాఖ ఎంవీపీ కాలనీ; మిగతావారికీ వారి పేటల పేర్లే): సెప్టెంబరు 5 దగ్గరికొచ్చింది. రాధాకృష్ణన్ గారు 1931 నుంచి 1936 దాకా మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి. అంతకుముందు 1921లో మైసూరు వదిలి కలకత్తా వెళ్తుంటే, విద్యార్థులే ఆయన బండిని స్టేషన్ దాకా లాక్కెళ్లారు. పిల్లలకు అంతగా గుర్తుండిపోయే మాస్టారిలో ఏముంటుందో పద్యంలో చెప్పండి. ఛందస్సు ఆటవెలది. సమస్యగా ఇస్తున్న నాలుగో పాదం ఇదీ, ముందు మూడు మీరు పూరించాలి:

తెలియదన్న గురువె దేవుడయ్యె

'గురుబ్రహ్మ' అంటూ దండకాలు చదవకండి. ఏమీ తెలియనివాడు దేవుడెలా అయ్యాడో తేల్చండి, చాలు.

ఉక్కునగరం:
అడుగ బాలుడొకటి యాలోచనము జేసి
రేపు చెప్పుదునని రేయి చదివి
మాట నిలిపి మరల మర్నాడు వివరించె
తెలియదన్న గురువె దేవుడయ్యె

నిర్వాహకుడు: బావుందండీ. 'రేయి చదివి' అన్నదే ఈ పద్యానికి ప్రాణం. 'తెలియదు' అని చెప్పడం ఎవరికైనా వస్తుంది. మర్నాడు జవాబుతో రాని మాస్టారి మీద పద్యం దండగ. రెండు సవరణలు. 'వివరించె' దగ్గర వాక్యం ఆగిపోయి నాలుగో పాదం ఒంటరిదైంది. 'వివరింప' అంటే అన్వయం కలుస్తుంది. 'మర్నాడు' వాడుకమాట, 'మరునాడు' అన్నా గణం (గురువు, లఘువు అనే బరువు, తేలిక అక్షరాల గుంపు) చెడదు. అక్కడ తగణం పోయి సలం వస్తుంది, రెండూ ఆ చోట చెల్లే ఇంద్రగణాలే.

మురళీనగర్: గురువుగారూ, పద్యం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే కోప్పడకండి.
బోర్డు మీద లెక్క పొరబాటుగా వేసి
చూపునట్టి పిల్ల జూచి నవ్వి
సుద్దముక్క యిచ్చి నీవు చేయుమటంచు
తెలియదన్న గురువె దేవుడయ్యె

భీమిలి: గణాలన్నీ సరిపోయాయమ్మా, మొదటిసారికి ఇది చిన్న సంగతి కాదు. మూడో పాదంలో యతి (మొదటి, నాలుగో గణాల తొలి అక్షరాల పొంతన) తప్పింది. 'సు'కి 'నీ' కుదరదు, 'చూపమ్మ' అని మొదలెడితే కుదురుతుంది. అసలు పేచీ మాత్రం వేరే. మీ మాస్టారు లెక్క తప్పు వేశారు, తెలియదని ఎక్కడా అనలేదు. తప్పు ఒప్పుకోవడమూ గొప్పే, కానీ సమస్య అడిగింది అది కాదు కదా.

మురళీనగర్: నిజమేనండీ. మళ్లీ రాశాను.
సగము లెక్క దాక సాగి యాగిన వేళ
దారి చెప్పు పిల్ల దరికి పిలిచి
సుద్దముక్క యిచ్చి చూపమ్మ యనినట్టి
తెలియదన్న గురువె దేవుడయ్యె

నిర్వాహకుడు: భేష్. ఆ పిల్ల ఆ రోజు ఇంటికెళ్లి అన్నం కూడా తినకుండా ఇదే చెప్పుంటుంది. క్లాసులో మాట రాని పిల్లలకు మాస్టారు చేతిలోని సుద్దముక్క దొరకడం కంటే ధైర్యం ఇంకేముంటుంది?

భీమిలి: నేను మన ఉత్తరాంధ్ర మనిషినే పట్టుకున్నాను.
సవర భాష వచ్చు సామాన్యు చెంతనే
శిష్యుడయ్యె గిడుగు సిగ్గు విడిచి
పలుకు లెఱిగి పిదప పలకపై దిద్దించె
తెలియదన్న గురువె దేవుడయ్యె

ఉక్కునగరం: 'సామాన్యు చెంత' అంటే ఎవరు మాస్టారూ?

భీమిలి: గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులు. సవర (అక్కడి గిరిజనుల భాష), తెలుగు రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, ఆయన దగ్గర సవర నేర్చుకున్నారు. ఆ తర్వాత సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు, పుస్తకాలూ రాశారు. పంతులు ముందు విద్యార్థి అయ్యాడన్న మాట.

నిర్వాహకుడు: ఈ నాలుగింటిలో నాకు బాగా నచ్చింది ఇదే. కానీ 'సిగ్గు విడిచి' అంటే తిట్టినట్టుంది. 'సిగ్గుపడక' అనండి, గణమూ యతీ చెక్కుచెదరవు. ఉక్కునగరం వారికి చెప్పినదే మీకూ: 'దిద్దించె' బదులు 'దిద్దింప'.

భీమిలి: మార్చేశాను. ఆయన ఆత్మ శాంతించాలి కదా.

కంచరపాలెం: మీరంతా 'తెలియదు అని అన్న' దారినే పోయారు. నేను పాదాన్ని 'తెలియదు, అన్నా!' అని విరుస్తున్నాను.
ఏమి పాఠమదియొ యిపుడు గురుతు లేదు
పేరు పెట్టి పిలుచు ప్రేమ తప్ప
ఎటుల జరిగెనేమొ యెవరికి తెలియును
తెలియ దన్న! గురువె దేవుడయ్యె

ఉక్కునగరం: అన్నా, అదరగొట్టావు! రెండో పాదం చదివి ఆగిపోయాను. మాకు రోల్ నంబరుతో పిలిచేవాళ్లే ఎక్కువ, ఒక్క తెలుగు మేడమ్ తప్ప.

మురళీనగర్: ఒక డౌటండీ. 'పిలుచు ప్రేమ'లో 'ప్రే' సంయుక్తం కదా, ముందున్న 'చు' గురువు (బరువక్షరం) అయిపోదా? అలాగైతే అక్కడ ఉండాల్సిన సూర్యగణం చెడుతుంది.

నిర్వాహకుడు: మంచి ప్రశ్న. సంస్కృత సమాసమైతే గురువయ్యేది. ఇక్కడ 'పిలుచు' తెలుగు మాట, 'ప్రేమ'తో సమాసం కాలేదు, కాబట్టి లఘువే. ఇలాంటి చోట ఊనిక లేకుండా పలుకుతాం, చదివి చూడండి. పూరణలు ఆదివారం రాత్రి దాకా పంపొచ్చు. తేటగీతి అనే మరో ఛందస్సులో రాస్తామని ఇద్దరు అడిగారు, ఈ పాదం ఉన్నదున్నట్టుగా అందులో ఇమడదు.