బురదలో కుమ్మరి పురుగు: ఇంతకీ అది ఏ పురుగు?

అమలాపురం నుంచి:
"సంసారంలో ఉన్నా బురదలో కుమ్మరి పురుగులా ఉండాలి" అని మా మామ్మ రోజుకొకసారైనా అనేది. మధ్యలో ఉంటూనే ఏదీ అంటించుకోకూడదని భావం. నిన్న మా అబ్బాయి "అంటే ఏ పురుగు నాన్నా?" అన్నాడు. పేడపురుగని చెప్పి తప్పించుకున్నాను. రైటేనా?

భీమవరం నుంచి:
కాదనుకుంటానండి. మా ఇంట్లో కుమ్మరి పురుగంటే కిటికీ చట్రానికి మట్టితో బుల్లి కుండలాంటి గూడు కట్టే కందిరీగ. కుండ చేస్తుంది కాబట్టి కుమ్మరి. ఇంకేం రుజువు కావాలి?

రాజోలు నుంచి:
ఆ ఈగను అలా పిలిచేవాళ్లు మా వైపూ ఉన్నారండి. కానీ సామెతకి అది కుదరదు. అది మట్టిని మోసుకొస్తుంది గానీ మట్టిలో కాపురం చెయ్యదు కదా. నాకు తెలిసిన కుమ్మరి పురుగు గట్లలో ఉండేది. ఆకుమడికి నీళ్లు పెట్టగానే బొరియల్లోంచి గట్టు మీదకి పాకుతుంది. వానాకాలం రాత్రుళ్లు ట్యూబ్‌లైటు కిందకి వచ్చి పడుతుంది. లేత నారు వేళ్లు కొరికేస్తుంది కాబట్టి మా నాన్నగారికి దాని వేదాంతం మీద పెద్ద గౌరవం ఉండేది కాదు.

ఇది కీచురాయి వంశం. మిడతల్నీ వీటినీ కలిపి ఒకే వర్గంలో పెడతారు గానీ, లోపల రెండు శాఖలు. మీసాలు పొట్టివైతే మిడత శాఖ, పొడుగువైతే కీచురాళ్ల శాఖ. (పాఠ్యపుస్తకం 'స్పర్శశృంగాలు' అంటుంది, నాకు మీసాలే బాగున్నాయి.) చెవులు ఇంకో గుర్తు. మిడతకి పొట్ట పక్కన, కీచురాయికి ముంగాలి మీద.

తణుకు నుంచి:
ఇక్కడే నాకు అనుమానం మాస్టారూ. నేను చూసిన కుమ్మరి పురుగుకి మీసాలు పొట్టిగానే ఉన్నాయి. గెంతడం కూడా అంతంతమాత్రమే. కీచురాయి ఎలా అవుతుంది?

రాజోలు నుంచి:
ఆయ్, మంచి ప్రశ్న. మీసం పొడవొక్కటే చూస్తే మోసపోతాం, కణుపులు లెక్కపెట్టాలి. మిడత మీసానికి సాధారణంగా 30 లోపే ఉంటాయి. దీనికి మీసం కురచే అయినా కణుపులు అంతకంటే ఎక్కువ. పాదానికి మూడు ముక్కలు, అచ్చం కీచురాయిలాగే. ఆకుపచ్చగా ఆకులా ఉండే పొడుగు మీసాల మిడతలున్నాయే, అవీ ఈ శాఖవే గానీ వాటి పాదానికి నాలుగు.

ఈ శాఖకి లాటిన్‌లో పెట్టిన పేరుకి 'కత్తి మోసేది' అని అర్థం. ఆడపురుగు తోక దగ్గర గుడ్లు పెట్టే గొట్టం కత్తిలాగో సూదిలాగో పొడుచుకొస్తుంది. మన కుమ్మరి పురుగుకి ఆ కత్తి బయటికి కనబడదు. మట్టిలోనే గది తొలిచి గుడ్లు అందులో పెడుతుంది కాబట్టి, గుచ్చే పనే లేదు. ఈ శాఖలోనే దీన్ని విడి కుటుంబం చేశారు. ఇంకో పెద్ద గుర్తు ముంగాళ్లు. పారలా వెడల్పు, అంచున పళ్లు. తవ్వడానికే పుట్టినట్టుంటాయి. చేతులతో మట్టి పిసుకుతున్నట్టు కనబడుతుంది కనకే కుమ్మరి అన్నారని నా ఊహ. వెనక కాళ్లు గెంతడానికి పనికిరాకుండా పోయాయి.

అసలు సంగతి ఒంటి మీద ఉంది. ఒళ్లంతా మఖమల్‌లా సన్నటి నూగు. నీరు గానీ బురద గానీ దాని మీద నిలవవు. దమ్ము చేసిన చేలోంచి తీసి చూడండి, మన చేతికి బురద ఉంటుంది, దానికుండదు. సామెత కట్టినవాళ్లు కళ్లతో చూసే కట్టారు.

చెన్నై నుంచి (సొంతూరు నరసాపురం):
తమిళంలో ఇదే పురుగుని పిళ్ళైప్పూచ్చి అంటారు. బురదలో ఉన్నా బురద అంటదని వాళ్లూ దీన్నే ఉపమానం చెబుతారు. పేడపురుగు వాదం ఇక్కడితో సరి అనుకుంటా.

అమలాపురం నుంచి:
పేడపురుగు అన్నందుకు సిగ్గేస్తోంది. మా అబ్బాయికి ఏం చెప్పను?

రాజోలు నుంచి:
సిగ్గెందుకండీ. 1758లో, జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ అంతటివాడే మిడతల్నీ, కీచురాళ్లనీ, చివరికి గొల్లభామనీ ఒకే పేరు కింద గిరాటేశాడు. తర్వాతివాళ్లు కాళ్లూ మీసాలూ చూసి విడదీశారు. అబ్బాయికి పేడపురుగుని కూడా పక్కన పెట్టి చూపించండి. దాని రెక్కల మూతలు పెంకుల్లా గట్టిగా ఉండి వీపు మీద నిట్టనిలువు గీతలో కలుస్తాయి. పిల్ల పురుగు తెల్లటి లావు పురుగులా ఉంటుంది, తల్లి పోలికే ఉండదు. కుమ్మరి పురుగు పిల్ల మాత్రం రెక్కల్లేని తల్లే.

తణుకు నుంచి:
మరి అరుస్తుందా?

రాజోలు నుంచి:
మగది అరుస్తుంది, ముందు రెక్కలు రాసుకుని. బొరియ మూతిని సన్నాయి మూతిలా వెడల్పుగా తవ్వుకుంటుంది, గొంతు దూరం పోవడానికి. రాత్రి కాలవ గట్టున ఆగకుండా ఒకే శ్రుతిలో వినబడితే అదేనేమో చూడండి.

భీమవరం నుంచి:
సామెత వరకు ఒప్పుకుంటున్నానండి. మా కిటికీ మీద దాని పేరు మాత్రం మార్చను.