ఉంగరాల జుట్టుకి పొడవాటి లేయర్లు: పొట్టి లేయర్ ఎక్కడ ఆపాలి?

ప్రశ్న, విశాఖ లాసన్స్ బే కాలనీ నుంచి:
నాది నడుం దాకా ఉన్న వంకీల జుట్టు. మాడు దగ్గర అతుక్కుపోయి, కింద గొడుగులా విచ్చుకుంటోంది. పొడవు తగ్గకుండా లేయర్లు (పైది పొట్టిగా, కిందిది పొడుగ్గా మెట్లు మెట్లుగా కట్) కావాలి, ఆఫీసుకి జడ కూడా వేసుకోవాలి. పార్లర్‌లో ఏమని చెప్పాలి? సముద్రపు గాలికి ఈ కట్ నిలుస్తుందా?

జవాబు:
అక్కా, ‘లేయర్ కట్’ అని ఊరుకోవద్దు. అన్నిటికంటే పొట్టి లేయర్ ఎక్కడ ఆగాలో వేలు పెట్టి చూపించండి. మీకు జడ కావాలి కాబట్టి అది భుజం దాటి మూడు, నాలుగు అంగుళాలు కిందికే ఉండాలి. గడ్డం దగ్గర మొదలెడితే జడ అల్లిన ప్రతిసారీ పక్కల నుంచి కుచ్చులు బయటికొస్తాయి.

తడి జుట్టు సాగి ఉంటుంది. వంకీలు ఆరాక అంగుళం, రెండంగుళాలు పైకి లేస్తాయి. అందుకే ఆరిన జుట్టు మీద కొలత చూపించి, తడిపి కత్తిరించేటప్పుడు ఆ మేరకు కిందికి వదలమనండి. జుట్టుని తలకి నిటారుగా పైకెత్తి కత్తిరిస్తే పైన పొట్టి లేయర్లు పడి, కింద చివర్లు పలచబడి తోకలా అవుతాయి. కిందికి వంచి, సుమారు 45 డిగ్రీల్లో పట్టుకుని కత్తిరిస్తే చివర్లు నిండుగా మిగులుతాయి.

పళ్ల కత్తెర, రేజర్ వద్దని ముందే చెప్పేయండి. ‘బరువు తీసేస్తాం’ అంటారు. లోపల మిగిలిన పొట్టి వెంట్రుకలే మన ఉక్కకి లేచి నిలబడి జుట్టంతా పీచులా కనిపిస్తుంది. పలచని జుట్టైతే రెండు లేయర్లకి మించి అడగకండి.

మరో జవాబు:
కట్ సంగతి సరే, విశాఖలో అసలు గొడవ గాలి, నీళ్లు. గాలిలో తేమ వెంట్రుకలోకి దిగితే వంకీని పట్టి ఉంచే లోపలి లంకెలు, అంటే హైడ్రోజన్ బంధాలు, వీడి వంకీ ఆకారం మారిపోతుంది. వానాకాలంలో గ్లిసరిన్ ఎక్కువున్న క్రీములు పక్కన పెట్టండి. అవి గాలిలో తేమని లాగి జుట్టుని ఉబ్బిస్తాయి. జెల్ నయం.

బోరు నీళ్లయితే బకెట్‌కి పట్టే తెల్లచారే జుట్టుకీ పడుతుంది, అది కాల్షియం, మెగ్నీషియం. నెలకోసారి ఇడిటిఎ (ఆ ఖనిజాలని పట్టి వదిలించే పదార్థం) ఉన్న షాంపూ వాడండి. చివరి చెంబులు మాత్రం కుళాయి మంచినీళ్లతో పోసుకోండి.

తలంటే రోజు గంట ముందు చివర్లకి చెంచాడు కొబ్బరినూనె రాయండి. షాంపూ మాడుకే, కండిషనర్ చెవుల కిందికే. కండిషనర్ ఉండగానే వెడల్పు పళ్ల దువ్వెనతో చివర్ల నుంచి పైకి చిక్కు తీసి కడిగేయండి. నీళ్లు ఓడుతుండగానే రూపాయి బిళ్లంత జెల్ చేతులకి పూసుకుని, తల వంచి, చివర్లని గుప్పిట్లోకి తీసుకుని పైకి నొక్కండి. తువ్వాలుతో రుద్దకుండా పాత కాటన్ టీషర్టుతో అద్దండి. పూర్తిగా ఆరేదాకా వేళ్లు పెట్టొద్దు, వంకీ చెదిరేది అక్కడే. ఆరాక గట్టిగా అనిపిస్తే అరచేతులతో నలపండి, మెత్తబడుతుంది.

ఆరాక దువ్వెన ముట్టుకోకండి. పడుకునేటప్పుడు వదులు జడ చాలు.

ప్రశ్న అడిగినవారు:
ట్రిమ్ ఎన్నాళ్లకి? ఇదివరకే మరీ పొట్టిగా పడిన లేయర్ ఉంటే మిగతాది కూడా కత్తిరించి సమం చేయించాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
పది, పన్నెండు వారాలకోసారి అరంగుళం. చిట్లిన చివరని వదిలేస్తే చీలిక పైకి పాకుతుంది.

సమం చేయించొద్దు. జుట్టు నెలకి సుమారు అరంగుళం పెరుగుతుంది. పొట్టి లేయర్ ఆరంగుళాలు పెరగాలంటే ఏడాది పడుతుంది. అప్పటిదాకా కింది చివర్లే ట్రిమ్ చేయించండి, పొట్టి లేయర్ జోలికి పోవద్దనండి. జడలో అది నిలవాలంటే మాడు నుంచే పాయలు కలుపుకుంటూ ఫ్రెంచ్ జడ అల్లి, చెవి వెనక రెండు పిన్నులు అడ్డంగా పెట్టండి.